పడవకు బొట్టు ఎవరు పెట్టాలి

డబ్బు పంపే బ్యాంకు చీటీ గోపమ్మ ముందు చాప మీద పడి గంటన్నర అయింది. పక్కనే పెన్ను. జయప్రకాశ్ మూడుసార్లు పెన్ను మూత తీశాడు. గోపమ్మ మూడుసార్లూ మూత పెట్టింది.

"సంతకం నేర్చుకున్నది ఎందుకుమా? పెట్టేదానికా, పెట్టకుండా ఉండేదానికా?"

"రెండిటికీనప్పా."

వంటింటి గడపలో నిలబడ్డ మోహనప్రియ మొగుడి వైపు చూసి చూపు దించుకుంది. అత్తకు యాభై ఎనిమిదో ఏట పలక పట్టించి అరవ అక్షరాలు దిద్దించింది తనే. ఆ అక్షరాలు ఒకనాటికి ఇంట్లో ఇంత పెద్ద తగువు తెస్తాయని అప్పుడు ఎవరనుకున్నారు?

"వేలిముద్ర కాలంలో అయితే నా చెయ్యి పట్టి ఒత్తించుకొని పోయుందువు," అంది గోపమ్మ. "ఇప్పుడు పేరు నాది, చెయ్యీ నాదే. తెలిసి పెట్టాల, లేకుంటే పెట్టకూడదు."

"ఇంకా ఏమి తెలియాల నీకు? ఈ పొద్దు శనివారం. పన్నెండు లోపల డబ్బు రాకుంటే పడవ ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పినాడు ఆ పడవ అమ్మేటాయన. సోమవారం నించి రేవులో పరిసళ్ళు తిప్పకూడదని సర్కారు ఆర్డరంట. ఇంజను పడవ లేనివానికి రేవే లేదు. అప్పుడు నేను ఏం చేసేది? హోసూరుకు పోయి కంపెనీ గేటు కాడ నిలబడేదా?"

గోపమ్మ చీటీ వైపు చూసింది. మేట్టూరు ఆనకట్ట నీళ్ళు వెనక్కి తన్ని నిలిచే ఆ రేవులో, పరిసళ్ళనే వెదురు పుట్టిల మీద జనాన్ని దాటించి ఈ ఇల్లు బతికింది. మొగుడు పోయాక ఎకరన్నర మెట్టతో పాటు ఆమెకు మిగిలింది ఆ రేవే. రేవు పోతే కొడుకు నిలవడు. అది ఆమెకు తెలుసు. పడవ వస్తే మొదట ఎక్కేది ఎవరో కూడా తెలుసు. మనవరాలు మోనిషా అవతలి గట్టున ఆరో తరగతి చదువుతోంది.

అందుకే ఎద్దులను అమ్మడానికి ఒప్పుకుంది. ఆ డబ్బే ఆమె పేర వీధి చివరి బ్యాంకులో ఉంది. పది రోజులుగా కొట్టం ఖాళీగా ఉన్నా ఆమె పొద్దున లేవగానే గడ్డి వామి దగ్గరికి పోయి, అక్కడ నిలబడి, ఊరికే తిరిగి వస్తోంది.

"ఆ పడవను చూసినవాళ్ళు ఎవరు?" అని అడిగింది.

"వీడియోలో చూసినాము కదా! నువ్వూ చూసినావు."

"వీడియోలో ఎద్దు దంతాలు లెక్కపెట్టేది అవుతుందా?"

"అది ఎద్దు కాదుమా, పడవ!"

"రెంటిలోనూ మనిషి ప్రాణం పెట్టేదే కదప్పా."

అరుగు మీద తమలపాకు మడుచుకుంటున్న వెంకటరామప్ప గొంతు సవరించుకున్నాడు. గోపమ్మ మొగుడికి అన్న ఆయన. ఇంట్లో ఏ బేరమైనా ఆయన నోట పడకుండా ముగియదు.

"గోపమ్మా, ఆ అమ్మేవాడు మనవాడు. ఆంధ్రావాడు. నాతో అరగంట మాట్లాడినాడు, నోరు తెరిస్తే తేనె. మనము పుట్టినకాడి నించి ఈ అరవనాట్లో ఇండ్లలో గుసగుసగా మాట్లాడుకొనే మాటను వాడు దర్జాగా మాట్లాడతాండాడు. అట్లాంటివాడు మనల్ని మోసం చేస్తాడా?"

"మన మాట మాట్లాడేవాళ్ళలో దొంగలు లేరా బావా?"

"ఉంటారు, ఉంటారు. అందరినీ అనుమానించుకుంటా కూచుంటే ఇంటికి ఒక చెంబు కూడా రాదు."

"కంబైనల్లూరు ఎద్దును తెచ్చినప్పుడు కూడా ఇదే మాట చెప్పినారు."

వెంకటరామప్ప నోట్లో ఆకు నమలడం ఆగిపోయింది.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎద్దును కొనేటప్పుడు వాళ్ళ వంశంలో ఒక పద్ధతి ఉంది. సుడులు చూస్తారు, దంతాలు చూస్తారు, నడిపించి చూస్తారు. అన్నీ అయ్యాక, పగ్గం చేతికి తీసుకునే ముందు, అమ్మేవాడి ఇంటి ఆడమనిషి బయటికి రావాలి. దానికి కుడితి పెట్టి సాకిన మనిషి. ఆమె దాని నొసట బొట్టు పెట్టి పిడికెడు బెల్లం తినిపిస్తేనే ఎద్దు గడప దాటుతుంది. మగవాడు బేరంలో అబద్ధమాడవచ్చు. సాకిన చెయ్యి ఆడలేదని పెద్దల నమ్మకం. ఆమె రాకపోతే ఎంత మంచి ఎద్దయినా వదిలేసి రావాలి.

ముప్పై ఏళ్ళ కిందట వెంకటరామప్ప కంబైనల్లూరులో ఒక ఎద్దును చూసి మురిసిపోయాడు. ఆ ఇంటావిడ తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. "ఒళ్ళు బాగాలేదు" అన్నారు. ఈయన సరే అని తోలుకొచ్చాడు. నెల తిరగకుండా అది పొడిచి పాలేరు కడుపు చీల్చింది. అంతకు ముందు ఆ ఇంట్లోనే ఒకరిని పొడిచిందని తర్వాత తెలిసింది.

"ఇప్పుడు అది ఎందుకు తీసినావు?" అన్నాడు వెంకటరామప్ప, మెల్లగా.

"మరిచిపోయినారేమో అని."

గోడ గడియారంలో పదకొండు దాటి ఐదు నిమిషాలైంది.

"ప్రియా, ఆ కాగితం ఇంకొకతూరి చూపించు," అంది గోపమ్మ.

మోహనప్రియ వచ్చి చాప మీద కూర్చుని ఫోన్ తెరిచింది. పడవ అమ్మే నూకరాజు పంపిన కాగితం ఫోటో. జయప్రకాశ్ సీలు ఉన్న కాగితం కావాలని నాలుగు రోజులు పట్టుబడితే పంపాడు. నిండా తెలుగు రాత. కింద గుండ్రటి సీలు. ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడే నలుగురిలో ఒక్కరికీ ఆ రాత రాదు. బడిలో అరవం, ఇంగ్లీషు. తెలుగు నోటికే గాని కంటికి ఎప్పుడూ అందలేదు.

"మాకు చదివేది రాదు, మీరే చదివి చెప్పండి అన్నా" అని జయప్రకాశ్ అడిగితే, నూకరాజు ఫోన్‌లో గడగడా చదివేశాడు. పడవ నంబరు ఇదీ, యజమాని ఫలానా, ఏ తగాదా లేదు అని. ఆ ఇంట్లో అందరూ కూర్చుని తమ మాటలో ఒక కాగితం చదవగా విన్నది అదే మొదటిసారి. వెంకటరామప్పకయితే కళ్ళు చెమర్చాయి.

"పెద్దది చెయ్యి. కిందికి తొయ్యి. ఆ, అక్కడ."

గోపమ్మ వేలు అద్దం మీద ఆగింది.

"ఒకటి, రెండు, మూడు అని వరసగా ఉండాది చూడు. పక్కన ఏదో రాసి, మళ్ళీ అంకె. ముప్పై నాలుగు. యాభై రెండు. పదకొండు."

"ఆమా అత్తా," అని తలాడించింది కోడలు.

"మన పాత రేషన్ పుస్తకంలో ఇట్లనే కదా ఉండేది. పేరు, పక్కన వయసు."

మోహనప్రియ కాగితాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"ఆయన చదివినప్పుడు ఎవరి పేర్లూ చదవలేదే," అంది నెమ్మదిగా.

"ఇంజను సామాన్లు ఏమన్నా అయ్యుంటాయి," అన్నాడు జయప్రకాశ్. మాట తొందరగా వచ్చింది. మరీ తొందరగా. గోపమ్మ తలెత్తి కొడుకు మొహం చూసింది. అతను గడియారం వైపు తిరిగాడు.

"సరే," అంది గోపమ్మ. "నేను సంతకం పెడతాను. ఆ ఇంటి ఆడమనిషి వచ్చి పడవకు బొట్టు పెట్టని. ఫోన్‌లో చూపించమను. అంతే నాకు కావాల్సింది."

"నవ్వుతారుమా!"

"నవ్వని. నవ్వితే దుడ్డు పోదు."

* * *

నూకరాజు నవ్వలేదు గాని, నవ్వు మొహంతోనే ఫోన్‌లో కనిపించాడు. వెనక ఇసుక, ఇసుక మీద నీలం రంగు పడవ. రంగు ఎండకు తళతళలాడుతోంది. తొమ్మిది నూర్ల కిలోమీటర్ల అవతలి గాలి ఫోన్‌లో బరబరమంటోంది.

"ఏమండీ పిన్నిగారూ, డబ్బులేసేశారా? లారీవాడు నా పీక మీద కూర్చున్నాడండీ."

"వేస్తామప్పా. మా ఇండ్లలో ఒక పద్ధతి ఉండాది. మీ ఇంటావిడను పిలువు. పడవకు రవంత కుంకుమ పెట్టని."

"ఓస్, అంతేనా! మా ఆవిడ పుట్టింటికెళ్ళిందండి. నేనే పెట్టేస్తాను, కొబ్బరికాయ కూడా కొట్టేస్తాను."

"మగవాళ్ళు పెట్టకూడదు."

"మా తెలుగోళ్ళలో అలాంటి పట్టింపులు లేవండి."

"మేమూ తెలుగోళ్ళమే కదప్పా," అంది గోపమ్మ.

వెంకటరామప్ప అరుగు మీద నుంచి లేచి వచ్చి కోడలి భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూశాడు. పడవ అవతల ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ బిందె. అటు నీళ్ళ వైపు చూడడం లేదు, ఇటు మనుషుల వైపూ చూడడం లేదు. పడవనే చూస్తోంది.

"వెనక ఎవరో ఉండారే," అంది గోపమ్మ.

నూకరాజు వెనక్కి తిరిగాడు. తిరిగి ఇటు చూసేసరికి మొహంలో నవ్వు కొంచెం తగ్గింది.

"ఆవిడా? ఆవిడ బొట్టు పెట్టే మనిషి కాదండి పిన్నిగారూ. మా తమ్ముడి భార్య. తమ్ముడు పోయాడు."

"ఎప్పుడు?"

"నాలుగు నెల్లయిందండి."

"పడవ ఎవరు నడిపినారు ఇన్నాళ్ళూ?"

గాలి బరబర. నూకరాజు ఆ మాట వినబడనట్టు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ ముందుకు తెచ్చాడు. "తమ్ముడేనండి. ఇద్దరివీ అనుకోండి."

"అట్లయితే ఆమెనే పెట్టమను."

వెంకటరామప్ప ఉలిక్కిపడ్డాడు. "ఏమి మాట్లాడతావు గోపమ్మా! ముండమోసిన చేత్తో శుభానికి బొట్టా?"

గోపమ్మ ఆయన వైపు తిరగలేదు. ఫోన్ వైపే చూస్తూ మాట్లాడింది.

"ఏడేండ్లు ఆ ఎద్దులకు కుడితి పెట్టింది నేను బావా. పది రోజుల కిందట అవి గడప దాటినప్పుడు నువ్వు పక్కన ఉండు అన్నారు, ఉన్నాను. ప్రియ పెట్టింది బొట్టు. ఎర్రది తల తిప్పి నన్ను వెతుక్కునింది. మీరు చూసినారో లేదో. నేను చూసినాను."

వెంకటరామప్ప కోడలి వెనక నుంచి పక్కకు తప్పుకున్నాడు.

"పిలువప్పా ఆమెను," అంది గోపమ్మ. "నాకూ మొగుడు లేడు. మా ఇద్దరికీ ఏమీ తప్పు లేదు."

నూకరాజు వద్దనే చెప్పేవాడేమో. కాని ఫోన్‌లో మాట గట్టిగా వినబడుతోంది. ఆ ఆడమనిషి విన్నది. బిందె కింద పెట్టి, పిలవకుండానే దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నూకరాజు విసుగ్గా, పడవ పక్కన సిద్ధంగా ఉన్న కొబ్బరికాయ పళ్ళెంలోంచి కుంకుమ గిన్నె తీసి ఆమె చేతికిచ్చాడు. "పెట్టి వెళ్ళు సత్యవేణీ. తొందరగా."

ఆమె ఉంగరం వేలితో కుంకుమ తీసుకుంది. పడవ ముక్కు దాకా చెయ్యి ఎత్తింది. అక్కడ ఆగిపోయింది. చెయ్యి ముందుకూ పోలేదు, కిందికీ రాలేదు.

"చెల్లీ," అని పిలిచింది గోపమ్మ. "మీ అక్షరాలు నాకు రావు. అంకెలు వస్తాయి. మీ బావగారు పంపిన కాగితంలో మూడో వరసలో పదకొండు అని ఉండాది. అది ఏమిటిది?"

"ఏంటండీ ఈ ప్రశ్నలు!" అని నూకరాజు అడ్డం వచ్చాడు. కాని ఆమె చెప్పేసింది. గొంతు పెంచలేదు. ఏడవలేదు. బడిలో మాస్టరుకు చెప్పినట్టు చెప్పింది.

"మా పెద్దోడండి. మొదటిది ఆళ్ళ నాన్న. రెండోది మా మేనమామ. శవాలు ఇచ్చినప్పుడు పడవతో పాటు పోలీసోళ్ళు రాసిచ్చిన కాగితం అండి అది. బావగారి దగ్గర సీలున్న కాగితం అదొక్కటే."

కుంకుమ గిన్నెను ఒలికిపోకుండా ఇసుక మీద పెట్టింది. వేలి మీది ఎరుపును కొంగుకు తుడుచుకుంది.

ఫోన్‌లో ఆకాశం తిరగబడింది. కాల్ ఆగిపోయింది.

* * *

కొట్టంలో ఖాళీ గాటికి కట్టిన గొలుసు గాలికి ఒకసారి చిన్నగా మోగింది.

"జయా," అంది గోపమ్మ. "నీకు తెలుసునా?"

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు. వాటినే చూసుకుంటూ చెప్పాడు.

"మునిగిందని తెలుసుమా. ఒకతూరి తిరగబడింది అన్నా, అందుకే రేటు తగ్గించినాను అని చెప్పినాడు. సముద్రం కదా, అలకు తిరగబడి ఉంటుంది, మనది నిలిచిన నీళ్ళు, ఏమి కాదులే అనుకున్నాను." అరచేతులు మోకాళ్ళకు రుద్దుకున్నాడు. "మనుషులు పోయినారని తెలియదు. పిల్లోడని తెలియదు. సత్యంగా తెలియదు."

మోహనప్రియ మొగుడి వైపు చూసింది. పది రోజులుగా అతని పక్షాన అత్తతో వాదించింది ఆమె. ఇప్పుడు లేచి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న మోనిషా బడి సంచి తీసి లోపలి గదిలో పెట్టి వచ్చింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. ఆ చిన్న పని చూసి జయప్రకాశ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"మునిగిందని నాకు చెప్పుంటే వద్దందునే," అన్నాడు వెంకటరామప్ప, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "నేను కూడా మోసపోతినే. నోట్లో తేనె అనుకుంటినే."

"తేనె మన చెవిలో ఉండాది బావా, వాని నోట్లో కాదు," అంది గోపమ్మ. కోపంగా అనలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. నూకరాజు బొమ్మే.

"తియ్యొద్దు," అన్నాడు జయప్రకాశ్.

గోపమ్మ చెయ్యి చాచింది. మోహనప్రియ ఫోన్ ఆమె చేతిలో పెట్టి, స్పీకర్ నొక్కింది.

"అమ్మా, నేనండి. సత్యవేణిని." గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "బావగారు ఫోన్ చార్జింగులో పెట్టి లారీవాడి దగ్గరికెళ్ళారు. ఎక్కువసేపు మాట్లాడలేను."

"మంచి పని చేసినావు చెల్లీ. చెప్పకుంటే మా పిల్లలు ఎక్కుందురు ఆ పడవలో. ఇంకొకరి బిడ్డల్ని కాపాడినావు. మేము కొనము. నువ్వు భయపడొద్దు."

అవతల ఊపిరి వినబడింది.

"అది కాదండమ్మా. మీరు కొనుక్కోండి."

గోపమ్మ అర్థం కాక కోడలి వైపు చూసింది.

"అడుగున పగిలిందండి అది. అతుకేసి రంగేశారు. ఎంత అతికినా నీళ్ళు ఊరతానే ఉంటాయి. అప్పుడూ అంతే, మా పెద్దోడు డబ్బాతో నీళ్ళు తోడి పోయడానికే ఎక్కాడండి. పిల్లోడైతే మూల ఒదిగి కూర్చుంటాడని ఎక్కించారు." ఆగింది. "మీరు కొనకపోతే సోమవారం వేటకి దాన్నే దించుతానన్నారు బావగారు. ఇంకెవరూ కొనేవోళ్ళు లేరండి, ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు దాని సంగతి."

"దించితే దించని. ఆయన ఎక్కి పోని. నీకేమి?"

"నీళ్ళు తోడడానికి నా రెండోవాణ్ణి పంపమంటన్నారండి."

జయప్రకాశ్ మొహం మీంచి చేతులు తీశాడు.

"వాని వయసు ఎంత?" అని అడిగింది గోపమ్మ. అడిగాక, ఎందుకు అడిగానా అనుకుంది.

"తొమ్మిదండి. నేను వద్దంటే ఆగదండి ఇక్కడ. ఆయన ఇంట్లో అన్నం తింటన్నాం మేం." అవతల ఎవరో పిలిచారు. మాట వేగం పెరిగింది. "నా చెయ్యి రాలేదండి బొట్టు పెట్టడానికి. మా వోడు చచ్చిపోయిన పడవకి ఎలా పెడతాను? కాని మీరు తీసుకెళ్ళిపోండమ్మా. తీసుకెళ్ళి మీరేం చేసుకుంటారో మీ ఇష్టం. ఇక్కడ మాత్రం ఉంచకండి."

ఫోన్ ఆగింది.

గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. వెంకటరామప్ప గడప పట్టుకుని నిలబడ్డాడు.

గోపమ్మ ఖాళీ కొట్టం వైపు చూసింది. ఏడేళ్ళు సాకిన రెండు ప్రాణాలు చాప మీద ఆ చీటీగా పడి ఉన్నాయి. వాటితో రేవు నిలబెట్టుకోవాలనుకున్నారు. కొంటే ఈ ఇంటికి రేవు లేదు, ఎద్దులు లేవు, నీళ్ళలో దించడానికి వీలు లేని ఒక నీలం పడవ ఉంటుంది. కొనకపోతే డబ్బు ఉంటుంది, ఇంకో పడవ వెతుక్కోవచ్చు. తొమ్మిదేళ్ళవాడు ఒకడు మూల ఒదిగి కూర్చుని డబ్బాతో నీళ్ళు తోడుతుంటాడు.

ఆమె చీటీని దగ్గరికి లాక్కుంది.

"వద్దుమా," అన్నాడు జయప్రకాశ్. "మనకు ఎందుకుమా? ఆ బిడ్డ ఎవరు మనకు?"

ఈసారి పెన్ను మూత పెట్టింది జయప్రకాశ్. తీసింది గోపమ్మ.